జ్వరం ఏ దారిన వచ్చింది? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం జ్వరాలు, విరోచనాల గురించే. అందరూ అడిగేది "ఇది ఏం జ్వరం?" అని. డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు మాత్రం మీరే ముందుగా చెప్పాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. గత మూడు వారాల్లో ఏ పని చేశారు, ఏ నీళ్లు తాగారు, ఎక్కడ పడుకున్నారు, ఇంట్లో ఇంకెవరికి బాగోలేదు అన్నవి. రోగం ఒంట్లోకి వచ్చే దారులు కొన్నే: నీళ్లు, తిండి, దోమ, పురుగు, గాలి, ఒంటికి ఒళ్లు తగలడం, జంతువు కాటు, రక్తం. దారి తెలిస్తే ఏ పరీక్ష చేయించాలో తెలుస్తుంది, ఇంట్లో మిగతావాళ్లను ఎలా కాపాడుకోవాలో కూడా తెలుస్తుంది.

రాసినవారి పేర్లు తీసేసి ఊరి పేరు మాత్రం ఉంచాం. మందుల మోతాదులు మీకు విషయం అర్థం కావడానికి రాశాం, మొదలుపెట్టడం మాత్రం డాక్టరు చీటీతోనే.

ప్రశ్న: మా అమ్మకు 52 ఏళ్లు. వరి కోతలకు వెళ్లిన పది రోజులకు జ్వరం పట్టుకుంది. ఊళ్లో ఆర్ఎంపీ గారు రక్తపరీక్ష చేయించి టైఫాయిడ్ అన్నారు, రోజూ ఇంజక్షను, సెలైను పెడుతున్నారు. ఎనిమిది రోజులైనా తగ్గలేదు. నిన్న స్నానం చేయిస్తుంటే చీర కట్టు కింద నల్లగా మాడినట్టు చిన్న పుండు కనిపించింది. నొప్పి లేదంటోంది. అది స్క్రబ్ టైఫస్ అని ఎవరో అనేసరికి ఇరుగుపొరుగు మా గుమ్మం తొక్కడం మానేశారు. అంటుకుంటుందా? – చీపురుపల్లి

జవాబు: అంటుకోదు. పక్కన కూర్చున్నా, తిండి పెట్టినా, ఒళ్లు తుడిచినా రాదు. మీకు విడిగా జవాబు పంపాం. మిగతా పాఠకుల్లోనూ చాలామందికి పనికొచ్చే సంగతి కాబట్టి ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాం.

గడ్డిలో, పొదల్లో, పొలం గట్ల మీద కంటికి ఆనీ ఆననంత చిన్న పురుగులు ఉంటాయి. వాటి పిల్లలు ఎర్రగా, ఇసుక రేణువంత ఉంటాయి. సాధారణంగా ఎలుకల ఒంటి మీద బతుకుతాయి. మనిషి గడ్డిలో కూర్చున్నప్పుడో, గడ్డి మోపు ఎత్తినప్పుడో ఒంటికి పాకి, బట్ట బిగుతుగా ఉన్న చోటు వెతుక్కుని కుడతాయి. నడుం, గజ్జలు, చంకలు, రొమ్ముల కింద, చెవి వెనక, మోకాలి మడత అలాంటి చోట్లు. కుట్టిన సంగతే తెలియదు. పురుగు ద్వారా ఓరియెన్షియా అనే సూక్ష్మజీవి ఒంట్లోకి చేరి 6 నుంచి 21 రోజుల్లో జ్వరం తెస్తుంది. కోతలకు వెళ్లిన పదో రోజున మొదలైందన్నారు, లెక్క సరిపోయింది. మన వైపు వానలు వెనకబట్టినప్పటి నుంచి సంక్రాంతి దాకా ఈ జ్వరానికి అదను.

మీరు చూసిన పుండే దీనికి గట్టి ఆనవాలు. చుట్టూ ఎర్రగా, మధ్యలో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు. నొప్పి, దురద ఉండవు కాబట్టి రోగి చెప్పడు. సిగ్గుపడే చోట ఉంటుంది కాబట్టి ఎవరూ చూడరు. అయిదు రోజులు దాటిన జ్వరంలో తల నుంచి కాలి దాకా, లోబట్టల కింద కూడా చూడాల్సిందే. ఆడవాళ్లకైతే ఇంట్లో ఆడవాళ్లే చూసి డాక్టరుకు చెప్పవచ్చు. అయితే ఈ పుండు అందరికీ రాదు. లేనంత మాత్రాన స్క్రబ్ టైఫస్ కాదనుకోకూడదు.

ఇక టైఫాయిడ్ మాట. అది బహుశా వైడాల్ పరీక్ష చూసి అన్నమాట అయి ఉంటుంది. ఎప్పుడో వచ్చి తగ్గిన టైఫాయిడ్‌కీ, టీకాకీ, వేరే జ్వరాలకీ కూడా ఆ పరీక్ష పాజిటివ్ చూపిస్తుంది. ఒక్కసారి చేసిన వైడాల్‌ను పట్టుకుని మందు మొదలుపెట్టడం మన పల్లెల్లో చాలా చేటు చేస్తోంది. టైఫాయిడ్ తేల్చాలంటే మొదటి వారంలో, యాంటీబయాటిక్ పడకముందే బ్లడ్ కల్చర్ (రక్తంలోని సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్ష) చేయించాలి. స్క్రబ్ టైఫస్‌కు ఐజీఎం ఎలైజా పరీక్ష ఉంది. అది కూడా జ్వరం వచ్చి అయిదు నుంచి ఏడు రోజులైతే గానీ సరిగ్గా తేలదు. మూడో రోజు చేయించి "లేదు" అన్నారని వదిలేయవద్దు.

టైఫాయిడ్ అని పెట్టే సెఫ్ట్రియాక్సోన్ ఇంజక్షను ఈ సూక్ష్మజీవి మీద పనిచేయదు. రోజూ ఇంజక్షన్ పడుతున్నా జ్వరం దిగకపోవడానికి అదే కారణం కావచ్చు. పనిచేసేది డాక్సీసైక్లిన్, పెద్దవాళ్లకు 100 మిల్లీగ్రాములు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, 7 రోజులు. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. సరైన మందు పడితే మామూలుగా 48 గంటల్లో జ్వరం దిగుతుంది. దిగకపోతే వేరే కారణం వెతకాలి. డాక్సీసైక్లిన్ మాత్ర తిన్నాక, గ్లాసు నిండా నీళ్లతో మింగాలి. అరగంట నడుం వాల్చకూడదు, గొంతుగొట్టంలో ఇరుక్కుంటే పుండు పడుతుంది. పాలతో, ఐరన్ మాత్రతో కలిపి వేసుకుంటే ఒంటబట్టదు. వాటికీ దీనికీ రెండు మూడు గంటల ఎడం ఉండాలి.

మందు చౌకైనదే. ప్రాణం మీదికి వచ్చేది ఆలస్యం వల్ల. రెండో వారంలోకి వెళితే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతింటాయి. ఆయాసం, మగత, మూత్రం తగ్గడం కనిపిస్తే విజయనగరం మహారాజా ఆస్పత్రికో, శ్రీకాకుళం రిమ్స్‌కో వెంటనే తీసుకెళ్లాలి.

ఎవరికి ముప్పు ఎక్కువ? కోతకు, కలుపుకు, గడ్డికి వెళ్లేవాళ్లు. జీడి తోటల్లో కింద రాలిన పిక్కలు ఏరేవాళ్లు. బహిర్భూమికి పొదల చాటుకు వెళ్లేవాళ్లు. కళ్లంలో గడ్డి పరుచుకుని కాపలా పడుకునేవాళ్లు. ఉతికిన బట్టలు కంప మీద, గడ్డి మీద ఆరేసేవాళ్లు. పొలం నుంచి రాగానే సబ్బుతో ఒళ్లు రుద్దుకుని స్నానం చేసి, ఆ బట్టలు మళ్లీ తొడగకుండా ఉతికేస్తే చాలా వరకు తప్పించుకోవచ్చు. కాళ్లకు, చేతులకు దోమల క్రీము రాసుకుని, నిండు చేతుల చొక్కా వేసుకుంటే ఇంకా మంచిది. పెరట్లో పొదలు కొట్టేయాలి, ధాన్యం దగ్గర ఎలుకలు చేరకుండా చూసుకోవాలి. దీనికి టీకా లేదు.

అదే పొలంలో ఇంకో జ్వరం కూడా ఉంది, లెప్టోస్పైరోసిస్. అది ఎలుక మూత్రం కలిసిన మడి నీళ్లలో నుంచి, పగిలిన కాళ్ల గుండా వస్తుంది. పిక్కలు పట్టుకోనివ్వనంత నొప్పి, ఎర్రబడ్డ కళ్లు, తర్వాత కామెర్లు. దమ్ము చేసినవాళ్లు, నాట్లకు వెళ్లినవాళ్లు ఈ సంగతి డాక్టరుకు విడిగా చెప్పాలి.

ప్రశ్న: మా వీధి మొత్తానికి ఒకటే నుయ్యి. వానలకు నీళ్లు రంగు మారితే బ్లీచింగ్ పౌడరు చల్లుతున్నాం. ఎక్కువైతే వాసనని ఎవరూ తాగరు, తక్కువైతే లాభం లేదంటారు. లెక్క ఎలా? ఇంట్లో విరోచనాలు మొదలైతే ముందు ఏం చెయ్యాలి? – గరివిడి

జవాబు: 2024 అక్టోబరులో మీ పక్కనే గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత ఈ లెక్క ప్రతి ఊళ్లోనూ నలుగురికైనా నోటికి రావాలని మా కోరిక.

నూతి అడ్డకొలత, నీటి లోతు రెండూ అడుగుల్లో కొలవండి. అడ్డకొలతను అడ్డకొలతతోనే గుణించి, దాన్ని నీటి లోతుతో గుణించి, వచ్చినదాన్ని 22తో గుణిస్తే లీటర్లు వస్తాయి. 8 అడుగుల అడ్డకొలత, 10 అడుగుల నీళ్లు ఉంటే 8 × 8 × 10 × 22, అంటే దాదాపు 14,000 లీటర్లు. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు కావాలి. మీ నూతికి 35 గ్రాములు. చేత్తో అంచనా వెయ్యకుండా కిరాణా కొట్లో తూకం వేయించుకోండి.

పొడిని నేరుగా నూతిలో చల్లడం దగ్గరే తప్పు జరుగుతోంది. అలా వేస్తే సున్నం పేరుకుంటుంది, మందు నీళ్లలో సరిగ్గా కలవదు. ప్లాస్టిక్ బకెట్‌లో పొడి వేసి కొద్ది నీళ్లతో ముద్దగా కలపండి. తర్వాత బకెట్ ముప్పాతిక వరకు నీళ్లు పోసి బాగా తిప్పి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. సున్నం అడుక్కు దిగుతుంది. పైన తేరిన నీళ్లు మాత్రమే ఇంకో బకెట్‌లోకి వంపుకుని, తాడు కట్టి నూతిలోకి దించి, నీళ్ల లోపల పైకీ కిందికీ, అటూ ఇటూ ఆడించండి. అడుగున మిగిలిన సున్నం నూతిలో పొయ్యకూడదు. ఈ పని రాత్రి అందరూ తోడుకోవడం అయ్యాక చేస్తే తెల్లారేసరికి వాసన కూడా తగ్గుతుంది. ఎంత తొందరైనా గంటసేపు ఆగే తోడాలి.

సరిపోయిందో లేదో తేల్చేది వాసన కాదు, క్లోరోస్కోపు అనే చిన్న పరీక్ష పరికరం. పంచాయతీ దగ్గరో, ఏఎన్ఎం గారి దగ్గరో ఉంటుంది. నీళ్లలో ఆర్థోటోలిడిన్ చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది, పది సెకన్లలోపే చూసి పట్టీతో పోల్చుకోవాలి. ఆలస్యమైతే రంగు ముదిరి తప్పు అంకె చెబుతుంది. లీటరుకు 0.5 మిల్లీగ్రాము క్లోరిన్ (బ్లీచింగ్ పౌడరులో ఉండే మందు) మిగలాలి. మిగలకపోతే నీళ్లలో మురికి ఎక్కువ ఉండి మందునంతా తినేసిందని లెక్క. మళ్లీ కొంత వెయ్యాలి. నీళ్లు బురదగా ఉన్నప్పుడు క్లోరిన్ పనిచేయదు, తేరేదాకా ఆగాలి. మూత తీసి ఎండలో, చెమ్మలో పెట్టిన పౌడరులో సారం ఉండదు. గట్టిగా గడ్డకట్టినది వాడవద్దు.

మందు ఎంత వేసినా మురుగు వస్తూనే ఉంటే లాభం లేదు. మరుగుదొడ్డి గుంతకూ నూతికీ కనీసం 50 అడుగులు ఉండాలి. చప్టా పగిలి, కాళ్లు కడిగిన నీళ్లు తిరిగి నూతిలోకి ఇంకుతున్నాయేమో చూడండి. కుళాయి ఉన్న ఊళ్లో కాలువ పక్కనుంచి పోయే పైపు లీకవుతుంటే, నీళ్లు ఆపినప్పుడల్లా అది మురుగును లోపలికి పీలుస్తుంది. అందుకే కుళాయి వదలగానే వచ్చే నీళ్లు పట్టవద్దు.

ఇంట్లో విరోచనాలు మొదలైతే ఓఆర్ఎస్. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. గ్లాసుకు కొంచెం చొప్పున పొడి వేసుకుంటే గాఢత తప్పి, ఉప్పు ఎక్కువై పిల్లలకు ప్రమాదం అవుతుంది. కలిపింది 24 గంటలు దాటితే పారబొయ్యాలి. రెండేళ్లలోపు పిల్లలకు ఒక్కో విరోచనానికి 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో, అంతకు పైబడి పదేళ్ల దాకా 100 నుంచి 200, పెద్దవాళ్లకు తాగగలిగినంత. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మెల్లగా పట్టాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు తలకొట్టిన ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు. గంజిలో ఉప్పు వేసి ఇచ్చినా మంచిదే. తల్లిపాలు ఆపకూడదు, అన్నం మాన్పించకూడదు. పిల్లలకు జింకు మాత్ర 14 రోజులు, ఆర్నెల్లు దాటితే 20 మిల్లీగ్రాములు, లోపు 10. విరోచనాలు తగ్గిపోయినా పూర్తిగా వెయ్యాలి.

కొట్లో అట్టపెట్టెల్లో అమ్మే పళ్లరసం లాంటి తీపి పానీయాలు ఓఆర్ఎస్ కాదు. వాటిలో పంచదార ఎక్కువై విరోచనాలు పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ అలాంటి వాటి మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడకూడదని ఆదేశించింది. కొనేటప్పుడు డబ్ల్యూహెచ్ఓ సూత్రం ప్రకారం చేసినదని రాసి ఉన్న ప్యాకెట్టే అడగండి.

కళ్లు లోతుకు పోయి, చర్మం పట్టి వదిలితే మెల్లగా వెనక్కి వెళ్తూ, పిల్ల మగతగా ఉంటే, గంజి నీళ్లలా ఆగకుండా పోతుంటే ఇంటి వైద్యం చాలదు. 108కి ఫోన్ చేసి, దారి పొడుగునా ఓఆర్ఎస్ పడుతూ తీసుకెళ్లండి.

ప్రశ్న: మా తొమ్మిదేళ్ల పాపకు ఆషాఢంలో మలేరియా వచ్చింది, మాత్రలు వేస్తే తగ్గింది. మళ్లీ కార్తీకంలో చలి జ్వరం, మళ్లీ మలేరియానే అన్నారు. దోమతెర కడుతూనే ఉన్నాం. మందు పనిచెయ్యలేదా? – సీతంపేట

జవాబు: చీటీ మీద "వైవాక్స్" అని ఉందేమో చూడండి. ఈ రకం మలేరియా కాలేయంలో నిద్రపోయి, నెలల తర్వాత లేస్తుంది. కొత్త దోమ కుట్టనక్కర్లేదు. మొదటి మూడు రోజుల క్లోరోక్విన్ రక్తంలో ఉన్నవాటినే చంపుతుంది. కాలేయంలో దాగినవాటికి ప్రైమాక్విన్, బరువును బట్టి కిలోకు 0.25 మిల్లీగ్రాము చొప్పున 14 రోజులు వెయ్యాలి. జ్వరం మూడో రోజుకే తగ్గుతుంది, పిల్ల ఆటల్లో పడుతుంది, మిగతా మాత్రలు చూరులోనే ఉండిపోతాయి. తిరగబెట్టడానికి ఎక్కువసార్లు ఇదే కారణం. ఈసారి 14 రోజులూ అన్నం తిన్నాక మీరే నోట్లో వెయ్యండి.

ప్రైమాక్విన్‌తో ఒక జాగ్రత్త ఉంది. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్నవాళ్లకు ఈ మందు రక్తకణాలను పగలగొడుతుంది. వీలుంటే ముందే ఆ పరీక్ష చేయించాలి. మూత్రం కాఫీ రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా మాత్ర ఆపి వెంటనే పీహెచ్‌సీకి రావాలి. గర్భిణులకు, ఏడాదిలోపు పిల్లలకు ఇవ్వరు.

"ఫాల్సిపారం" అనే ఇంకో రకం మలేరియా అయితే తిరగబెట్టడం కన్నా మొదటి దఫాయే ప్రమాదం. దానికి ఆర్టిసునేట్ కలిసిన మందులు మూడు రోజులు ఇస్తారు. ఫిట్స్, మాట తడబడటం, లేవలేకపోవడం వస్తే తెల్లారేదాకా ఆగవద్దు. ఆశ కార్యకర్త దగ్గర వేలి చుక్కతో చేసే పరీక్ష పావుగంట, ఇరవై నిమిషాల్లో ఫలితం చెబుతుంది. కాబట్టి పరీక్ష లేకుండా మాత్ర మింగే అవసరం లేదు.

దోమతెర గురించి. మలేరియా దోమ పొద్దు గూకిన దగ్గర్నుంచి తెల్లారేదాకా కుడుతుంది. పిల్లలు రాత్రి పొయ్యి దగ్గర, అరుగు మీద కూర్చుని తర్వాత తెరలోకి వెళ్తే సగం కాట్లు అప్పటికే పడిపోయి ఉంటాయి. ఆ వేళకు ఒళ్లు కప్పే బట్టలు వెయ్యండి. తెర అంచు చాప కిందికి దోపాలి. మందు పూసిన తెరను ఊరికే ఉతకకూడదు, ఎండలో ఆరెయ్యకూడదు, నీడనే ఆరాలి.

ఇంకొకటి, ఇది కొండ ఊళ్లలో అందరికీ చెప్పండి. గోడలకు దోమల మందు కొట్టాక పండగకని ఎర్రమట్టితో అలికితే, సున్నం వేస్తే, ఆ మందు మట్టి కింద పూడిపోతుంది. దోమ వాలి చచ్చేది ఆ గోడ మీదే. అలుకు ముందు, మందు తర్వాత. వరస తిరగబడితే పిచికారీ వృథా.

ప్రశ్న: మావారికి డెంగీ. నాలుగో రోజుకు జ్వరం దిగింది. కానీ ప్లేట్‌లెట్లు 60 వేలకు పడ్డాయి. ఎక్కించమని బంధువులు ఒకటే పోరు, బొప్పాయి ఆకు రసం పట్టమని ఇంకొకరు. మా వీధిలో మురుగు కాలువ కూడా లేదు, దోమ ఎక్కడిది? – విజయనగరం

జవాబు: జ్వరం దిగిన ఆ ఒకటి రెండు రోజులే డెంగీలో అసలు గండం. రక్తనాళాల నుంచి నీరు బయటికి కారిపోయి బీపీ పడిపోయేది అప్పుడే. కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరోచనం, చేతులు కాళ్లు చల్లబడటం, ఆరు గంటలుగా మూత్రం లేకపోవడం – వీటిలో ఒక్కటి కనిపించినా ఆస్పత్రిలో చేరాలి. డాక్టర్లు ప్లేట్‌లెట్ల కంటే హిమటోక్రిట్‌ను (రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే అంకెను), బీపీని ఎక్కువ గమనిస్తారు. రక్తస్రావం లేనప్పుడు మామూలుగా 10 వేల లోపు పడితేనే ప్లేట్‌లెట్లు ఎక్కించడం గురించి ఆలోచిస్తారు. 60 వేలకు అక్కర్లేదు. బొప్పాయి ఆకు రసం మీద నమ్మకం పెట్టుకుని కూర్చుంటే విలువైన గంటలు పోతాయి, పైగా ఆ చేదుకు వాంతులు పెరుగుతాయి. కొబ్బరి నీళ్లు, ఓఆర్ఎస్, గంజి, మజ్జిగ పట్టండి. నొప్పులకు పారాసెటమాల్ ఒక్కటే. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ రక్తస్రావం తెస్తాయి, పొరపాటున కూడా వద్దు.

డెంగీ దోమకు మురుగు అక్కర్లేదు, మంచినీళ్లే కావాలి. పగలే కుడుతుంది. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే పేటల్లో డ్రమ్ములు, గోలేలు నింపి పెట్టుకుంటారు కదా, అది అక్కడే పుడుతుంది. ఫ్రిజ్ వెనక పళ్లెం, పెరట్లో రుబ్బురోలు, డాబా మీద టైరు, కొబ్బరి చిప్ప కూడా చూడండి. గుడ్డు నుంచి దోమ అవడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి వారానికి ఒకరోజు అన్నీ ఒంపాలి. ఒంపితే సరిపోదు. గుడ్లు నీటి అంచున గోడకు అతుక్కుని ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ నింపగానే పిల్లలవుతాయి. పీచుతోనో బ్రష్‌తోనో లోపలి గోడ గట్టిగా తోమాలి.

డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒకసారి వచ్చినవారికి వేరే రకం సోకితే రెండోసారి తీవ్రంగా ఉండే ముప్పు ఎక్కువ. ఒకసారి వచ్చి పోయిందని ధీమా పనికిరాదు.

ప్రశ్న: మాది ఉద్దానం. ఇంట్లో కిడ్నీ రోగి ఉన్నారని పిల్ల సంబంధం తప్పిపోయింది. ఇది అంటువ్యాధా? – కవిటి

జవాబు: కాదు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస వైపు ఉన్న దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బు ఒకరి నుంచి ఒకరికి సోకదు. కలిసి తిన్నా, కాపురం చేసినా రాదు. ఈ కారణంతో సంబంధం వదులుకోవడం అన్యాయం, ఆ మాట మధ్యవర్తికి ఈ కాగితం చూపించి మరీ చెప్పండి.

జాగ్రత్త పడాల్సింది మరోవైపు నుంచి. కిడ్నీ రోగికి రోగనిరోధక శక్తి తగ్గి, మన అంటురోగాలు అతనికి తేలిగ్గా సోకుతాయి. దగ్గు, జలుబు ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి. డయాలసిస్‌లో రక్తం ద్వారా హెపటైటిస్ బీ, సీ సోకే ముప్పు ఉంది. డయాలసిస్ అవసరం రాకముందే హెపటైటిస్ బీ టీకా మొదలుపెట్టమని డాక్టరును అడగండి. వీళ్లకు మామూలు మోతాదుకు రెట్టింపు ఇస్తారు. ఒళ్లు నొప్పులకని నొప్పి మాత్రలు కొట్లో కొని వేసుకోకూడదు, ఉన్న కిడ్నీ శక్తి కూడా పోతుంది.

ప్రశ్న: బోదకాలు మాత్రలు ఇంటికొచ్చి ఇస్తున్నారు. నాకు కాలు వాపు లేదు, ఎందుకు మింగాలి? మింగినవాళ్లకు కళ్లు తిరిగాయి. – పొందూరు

జవాబు: కాలు వాచేది పురుగు ఒంట్లో చేరిన ఏళ్ల తర్వాత. అప్పటిదాకా మనిషి పైకి ఆరోగ్యంగానే ఉంటాడు, రాత్రిళ్లు అతని రక్తంలో పిల్లపురుగులు తిరుగుతుంటాయి, మురుగునీటి దోమ వాటిని పక్కింటికి మోస్తుంది. అందుకే రక్తపరీక్షకు రాత్రిపూటే వస్తారు. మాత్రలు ఆ పిల్లపురుగుల కోసం. డీఈసీ అనే బోదకాలు మాత్ర 15 ఏళ్లు దాటినవారికి 300 మిల్లీగ్రాములు, 6 నుంచి 14 ఏళ్లవారికి 200, 2 నుంచి 5 ఏళ్లవారికి 100, దాంతోపాటు నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్ ఒకటి. పరగడుపున వద్దు. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, తీవ్రంగా జబ్బుపడినవారికి ఇవ్వరు. కళ్లు తిరగడం, కొద్దిపాటి జ్వరం చాలాసార్లు చచ్చిన పురుగుల వల్ల వచ్చేవే, ఒకరోజులో పోతాయి.

కాలు ఇప్పటికే వాచినవారు రోజూ రాత్రి సబ్బుతో కడిగి, వేళ్ల సందులు మెత్తటి గుడ్డతో పొడిగా తుడిచి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తున పెట్టుకుంటే జ్వరం, మంట పదేపదే రావడం బాగా తగ్గుతుంది.

ప్రశ్న: హాస్టల్లో పిల్లలకు గజ్జి. మందు రాస్తే తగ్గి మళ్లీ వస్తోంది. – సాలూరు

జవాబు: దురద ఉన్నవాళ్లకు మాత్రమే రాస్తున్నట్టున్నారు. ఒకే గదిలో పడుకునే అందరికీ, దురద లేకపోయినా, ఒకే రాత్రి రాయాలి. పర్‌మెత్రిన్ 5 శాతం క్రీము మెడ నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందులు, గోళ్ల కింద, బొడ్డు, జననాంగాల చుట్టూ వదలకుండా రాసి, 8 నుంచి 12 గంటలు ఉంచి స్నానం. వారం తర్వాత మళ్లీ ఒకసారి. అదే పొద్దున దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో వెయ్యాలి. ఉతకలేనివి ప్లాస్టిక్ సంచిలో కట్టి వారం పక్కన పెట్టాలి. పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుంది, అందుకని రోజూ క్రీము రాయవద్దు. గోకిన పుళ్లలో చీము పడితే తేలిగ్గా తీసుకోవద్దు, దాని నుంచి మూత్రపిండాలకు వాపు రావచ్చు. ముఖం ఉబ్బినా, మూత్రం ఎర్రగా వచ్చినా వెంటనే చూపించాలి.

ప్రశ్న: కుక్క కరిస్తే కారం, ఆకు పసరు పెట్టి కట్టు కడతారు మా వైపు. మంచిదేనా? – బొబ్బిలి

జవాబు: వద్దు. రేబిస్ బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు, కాబట్టి మొదటి గంట ముఖ్యం. కుళాయి ధార కింద సబ్బుతో గడియారం చూసి 15 నిమిషాలు కడగాలి. తర్వాత పొవిడోన్ అయోడిన్ (గాయాలకు రాసే మందు) రాయాలి. కారం, సున్నం, పసరు వైరస్‌ను లోపలికి నెడతాయి, కట్టు గానీ కుట్లు గానీ వద్దు. పీహెచ్‌సీలో చర్మంలో వేసే టీకా 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే ఇంజక్షను) కూడా వెయ్యాలి. ఆ ఇంజక్షన్ అక్కడ లేకపోతే పెద్దాస్పత్రికి పంపమని అడగండి. ఇంట్లో పెంచిన కుక్కైనా, చిన్న గీతైనా ఇదే పద్ధతి.

ప్రశ్న: మా నాన్నగారు జనపనార మిల్లులో పనిచేసేవారు. షుగర్ ఉంది, బీడీ అలవాటు. దగ్గు నెల దాటింది, దుమ్ము దగ్గు అంటున్నారు. టీబీ అయితే కంచం, గ్లాసు వేరు పెట్టాలా? ఇంట్లో మూడేళ్ల మనవడు ఉన్నాడు. – నెల్లిమర్ల

జవాబు: జనపనార దుమ్ముకు దగ్గు వస్తుంది, టీబీ రాదు. "దుమ్ము దగ్గే" అనుకుని నెలలు గడిపేయడంతో మిల్లు పనివాళ్లలో టీబీ ఆలస్యంగా బయటపడుతుంది. షుగర్, పొగ, తక్కువ బరువు టీబీకి దారి తీసే పెద్ద కారణాలు. మీ నాన్నగారికి రెండు ఇప్పటికే ఉన్నాయి. రెండు వారాలు దాటిన ఏ దగ్గుకైనా కఫం పరీక్ష తప్పదు. పొద్దున లేవగానే నోరు పుక్కిలించి, ఆరుబయట నిలబడి, గుండె నిండా గాలి పీల్చి లోతుగా దగ్గి తీసిన కఫం కావాలి. ఉమ్మి ఇస్తే పరీక్ష తప్పుతుంది. ట్రూనాట్ యంత్రంలో టీబీ ఉందా, టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగుతుందా రెండూ తెలుస్తాయి.

కంచాలు వేరు చెయ్యనక్కర్లేదు. టీబీ పోయేది గాలిలో. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ, కిటికీలు తెరిచిన గది, మొదటి కొన్ని వారాలు వేరే మంచం. సరైన మందు మొదలైన రెండు వారాల తర్వాత అంటించే శక్తి బాగా తగ్గుతుంది. మందు ఆరు నెలలు. మందు వేసుకుంటున్నన్నాళ్లూ మూత్రం ఎర్రటి నారింజ రంగులో రావచ్చు, అది మందు రంగే. షుగర్ అదుపులో లేకపోతే మందు పడుతున్నా నయం కావడం ఆలస్యమవుతుంది, కాబట్టి రెండూ కలిపి చూపించండి.

టీబీ అని తేలితే మనవణ్ణి ఆ వారంలోనే తీసుకెళ్లండి. అయిదేళ్లలోపు పిల్లలకు జబ్బు లేకపోయినా, రాకుండా ముందు జాగ్రత్త మందు ఉచితంగా ఇస్తారు. ఇంట్లో మిగతావారికీ పరీక్ష చేస్తారు. టీబీ రోగుల తిండికి ప్రభుత్వం సాయం చేసే నిక్షయ్ పోషణ్ పథకం కింద చికిత్స జరిగినన్నాళ్లూ నెలకు 1,000 రూపాయలు రోగి ఖాతాలో పడతాయి. 2024 నవంబరుకు ముందు అది 500 ఉండేది. పేరు నమోదు చేసేటప్పుడే బ్యాంకు పుస్తకం నకలు ఇచ్చి రండి, ఆ డబ్బు గుడ్లకూ పప్పుకూ పనికొస్తుంది.